రైల్లో పక్కన కూర్చున్న మనిషి

“ఆ డబ్బా ఇంట్లోకి రావడానికి వీల్లేదు,” అన్నాడు గంగాధర్.

“ఇంట్లోకి తేవడం లేదురా. పెరట్లోనే పైపు దగ్గర కడుగుదామని,” అంది నాగమల్లేశ్వరి.

“కడగొద్దు. కాసేపట్లో చెత్త బండి వస్తుంది. అందులో వేసెయ్.”

“ఒకళ్ళ డబ్బా అది. ఎలా పారేస్తాం?”

“ఎవరిది?”

నాగమల్లేశ్వరి కొంగు దోపుకుంది.

“ఎవరిదమ్మా? బాపట్లలో వాళ్ళు అడిగితే తెలియదన్నావుగా. తెలియని వాళ్ళ డబ్బా రెండు రోజుల్నుంచి మన గోడమీద ఎందుకుంది?”

వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్న జ్యోతిలక్ష్మి కాఫీ గ్లాసు అత్తగారికి అందించి, మొగుడి వైపు చూడకుండానే లోపలికి వెళ్ళిపోయింది. ఆదివారం సాయంత్రం నుంచి ఆమె ఎవరితోనూ నాలుగు మాటలు కలిపి మాట్లాడలేదు. అరిచే మనిషి గంగాధర్. అతని అరుపులకు ఆ ఇల్లు అలవాటు పడింది. జ్యోతిలక్ష్మి మౌనమే ఎవరికీ అలవాటు లేదు.

గోడమీద డబ్బా చుట్టూ రెండు కాకులు తిరుగుతున్నాయి. పూల గుడ్డ సంచిలో మామూలు స్టీలు డబ్బా. మూత బిగించే ఉంది. అయినా లోపల ఏముందో కాకులకు తెలుసు.

అందులో ఉన్నది రొయ్యపొట్టు.

తెనాలిలో తరాలుగా మాంసం ముట్టని ఇల్లు అది. ఆదివారం వీళ్ళు వెళ్ళిన బాపట్ల ఆదిలక్ష్మి గారి ఇల్లూ అలాంటిదే. ఆవిడ కూతురు భావన, గంగాధర్ కొడుకు మనోజ్ గుంటూరులో ఒకే ఆఫీసులో పనిచేస్తారు. ఒకళ్ళనొకళ్ళు ఇష్టపడ్డారు. రెండేళ్ళు ఇటు వీళ్ళూ అటు వాళ్ళూ బిగుసుకు కూర్చున్నాక, పెద్దవాళ్ళు మొదటిసారి ఎదురుపడింది మొన్న ఆదివారమే.

మిగతా ముగ్గురూ కారులో వెళ్ళారు. నాగమల్లేశ్వరికి కారు పడదు. చుండూరు దాటకముందే కడుపులో తిప్పుతుంది. అందుకని ఆవిడ రైల్లో వెళ్ళింది, తన చేత్తో చుట్టిన సున్నుండల డబ్బా ఒళ్ళో పెట్టుకుని. పక్కన ఇద్దరు స్నేహితురాళ్ళు. కుట్టిన బ్లౌజులు ఇచ్చి రావడానికి గౌస్ బీ. సూర్యలంకలో ఉన్న చెల్లెలి ఇంటికి రొయ్యపొట్టు పట్టుకెళ్తున్న రేపల్లె పేరమ్మ. దారి పొడుగునా ముగ్గురూ నవ్వుతూనే ఉన్నారు. బాపట్లలో బండి ఆగాక కంగారులో సంచులు మారాయి.

అక్కడితో అయిపోతే బాగుండేది. ఆదిలక్ష్మి ఆ డబ్బాను హాల్లో పెట్టలేదు. “పెద్దావిడ చేత్తో చేసినవి, ముందు దేవుడికి చూపిద్దాం,” అని దేవుడి గదిలోకి తీసుకెళ్ళి అక్కడ మూత తీసింది.

“ఎవరిదండీ ఇది?” అని అడిగింది బయటికి వచ్చి. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఉంది.

అప్పుడు నాగమల్లేశ్వరి నోటివెంట ఆ మాట వచ్చింది.

“ఎవరో రైల్లో పక్కన కూర్చున్న మనిషిదండీ. ఎవరో తెలియదు.”

ఆ మాట రెండు రోజులుగా ఆవిడను ఒకచోట నిలవనివ్వడం లేదు. ఫ్రిజ్ తలుపు తీసి ఎందుకు తీసిందో గుర్తురాక నిలబడిపోతోంది. పూజకు కూర్చుని సగంలో లేచిపోతోంది.

గంగాధర్ స్నానానికి వెళ్ళాక ఆవిడ గోడమీది సంచి తీసుకుంది. వీధి గుమ్మం దగ్గర మనోజ్ బూట్లు పక్కన పడేసి మెట్టుమీద కూర్చుని ఉన్నాడు. ఆఫీసుకు సెలవు పెట్టాడు.

“భావన ఫోన్ చేసిందా?” అని అడిగింది.

“మెసేజి చూసింది నానమ్మా. జవాబివ్వలేదు.”

అతను సంచి వైపు చూశాడు. ఎక్కడికని అడగలేదు. మంగళవారాలు ఆవిడ ఎక్కడికి వెళుతుందో ఇంట్లో అందరికీ తెలుసు.

*

మారీసుపేట వరకూ ఆటో అతను అద్దంలో రెండుసార్లు వెనక్కి చూశాడు. నాగమల్లేశ్వరి సంచిని చీర కుచ్చెళ్ళ మధ్య దాచుకుంది.

గౌస్ బీ ముందుగదిలో పేరమ్మ అప్పటికే వచ్చి ఉంది. గోడకు వీపు ఆనించి, కాళ్ళు బారజాపుకుని, రేపల్లె పాసింజరులో పట్టిన నడుంనొప్పిని తిడుతోంది. డెబ్భై ఏళ్ళ మనిషి. ముప్పై ఏళ్ళ పైన చేపల బుట్టలు మోసిన మెడ ఇంకా నిటారుగానే ఉంటుంది.

“నా డబ్బా తెచ్చావా మల్లీ?” అంది.

“తెచ్చాను అక్కా.”

“మూత తీశారా, వాసన చూసి పెట్టేశారా?”

“తీశారు.”

పేరమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. మిషను ముందు కూర్చున్న గౌస్ బీ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది.

“తప్పు నాదే అక్కా,” అంది గౌస్ బీ. “తానులో గుడ్డ మిగిలిందని మూడు సంచులూ ఒకలాగే కుట్టాను. ఒకదానికైనా ఎర్రదారం వేసి ఉండాల్సింది.”

“నీ సంచులు కాదే. మా మరిది సంగతి వినండి,” అంది పేరమ్మ. “నేను రొయ్యపొట్టు తెస్తున్నానని వేడన్నం పెట్టించుకుని, ఉల్లిపాయ కోయించుకుని కూర్చున్నాడు. మూత తీస్తే సున్నుండలు. డబ్బాలోకి ఒకసారి, నావైపు ఒకసారి చూశాడు. తర్వాత ఒక ఉండ అన్నంలో చిదిమి కలిపేశాడు. ఏంటయ్యా అదంటే, ఆకలి మీదున్నా వదినా, ఏదైతే ఏంటి అన్నాడు. ఉల్లిపాయ కూడా నంచుకున్నాడు.”

నాగమల్లేశ్వరికి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆవిడ లేచి కిటికీ దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి కూర్చుంది.

“అదేం పెద్ద పొరపాటులే,” అంది గౌస్ బీ. “పోయిన నెల నేను చేబ్రోలు పెళ్ళికి వెళ్ళాను కదా. ఒకే రోడ్డుమీద రెండు ఫంక్షన్ హాళ్ళు. జనం ఎక్కువున్న దాంట్లోకి పోయాను. గోడ గడియారం ఇచ్చాను, భోజనం చేశాను. తీరా పెళ్ళికూతుర్ని పలకరిద్దామని స్టేజి ఎక్కితే బాసికం కట్టుకుని ఉంది.”

“భోజనంలో పప్పూ పులిహోరా పెట్టినప్పుడైనా అనుమానం రాలేదా?” అని అడిగింది పేరమ్మ.

“వచ్చింది. డాక్టర్లు వద్దన్నారేమో, మనవాళ్ళు మారారేమో అనుకున్నా.”

“గడియారం?”

“ఎలా అడుగుతా అక్కా? పెళ్ళికొడుకు తల్లి నా చెయ్యి పట్టుకుని, పిన్నిగారూ, మీరు రావడం మా అదృష్టం అంది. ఫోటో కూడా తీశారు.”

పేరమ్మ కళ్ళు తుడుచుకుంది. “మీవి నయం. నాకు పళ్ళు కట్టించారు కదా, కట్టించిన నాలుగో రోజు పల్లికోన దాటాక తుమ్మొచ్చింది. పైపళ్ళు రైలు కిటికీలోంచి పోయాయి. అప్పట్నుంచి పల్లికోనలో ఎవరైనా బండెక్కి నవ్వితే, అవి నావేమోనని చూస్తా.”

ముగ్గురూ చాలాసేపు నవ్వారు. గౌస్ బీ టీ పెట్టి తెచ్చింది. నాగమల్లేశ్వరి గ్లాసు పట్టుకుంది గాని తాగలేదు.

“నువ్వు చెప్పవేంటి ఈసారి?” అంది పేరమ్మ. “ప్రతివారం నీదే కదా పెద్ద కథ. రేపల్లె టెలిఫోన్ ఆఫీసులో ముప్పై ఏళ్ళు ఊరందరి ఫోన్లూ కలిపావు. ఇప్పుడు నీ ఫోన్ నీకు వినపడదు.”

“వినపడుతుంది. స్పీకరు పెడితేనే వినపడుతుంది. ఫోన్ కిందపడ్డప్పటి నుంచి అంతే.”

“సరే, బాపట్ల సంగతి చెప్పు. మూత తీశాక ఏమన్నారు? ఎవరిదని అడిగారా?”

నాగమల్లేశ్వరి టీ మీద కట్టిన మీగడను వేలితో పక్కకు తీసింది.

“అడగలేదు. కంగారులో ఎవరడుగుతారు?”

“అడిగితే చెప్పాల్సింది, రేపల్లె పేరమ్మ చేసిందని. ఒక ముద్ద తిని చూడమనాల్సింది.”

గౌస్ బీ మళ్ళీ నవ్వబోయింది. అప్పుడే నాగమల్లేశ్వరి ఫోన్ మోగింది. ఆవిడ అలవాటుగా స్పీకరు నొక్కింది.

“అత్తయ్యా,” జ్యోతిలక్ష్మి గొంతు గదంతా వినపడింది. “బాపట్ల వాళ్ళు ఫోన్ చేశారండి. ఆదిలక్ష్మి గారూ, వాళ్ళాయనా బయలుదేరారట. అప్పికట్ల దాటారట. మీరు వెంటనే రండి. ఆయన మరీ మరీ చెప్పమన్నారు. ఆ డబ్బా మనిషెవరో తెలియదని ఆదివారం చెప్పారు కదా, ఆ మాటమీదే ఉండండి. పేరమ్మ గారు అక్కడికి వచ్చి ఉంటే, ఇవాళ మాత్రం మన ఇంటి వైపు రానివ్వకండి.”

నాగమల్లేశ్వరి వేలు ఎర్రబటన్ను వెతుక్కుంది. రెండుసార్లు తప్పింది.

“అత్తయ్యా, వినపడుతోందా?”

“వినపడింది,” అంది ఆవిడ. ఫోన్ ఆగింది.

గౌస్ బీ మిషను మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయింది. వీధిలో ఎవరో పుదీనా అమ్ముకుంటూ పోతున్నారు.

“తెలియదన్నావా?” అని అడిగింది పేరమ్మ. గొంతు మామూలుగానే ఉంది.

“అన్నాను.”

“పేరు అడిగారా?”

“ఆ మనిషి ఎవరని అడిగారు. రైల్లో పక్కన కూర్చున్న మనిషి అన్నాను. అక్కా, అది దేవుడి గది. ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుంది. మనోజ్ ముఖం చూడలేకపోయాను. ఆ నిమిషంలో…”

“నిజమే కదా. పక్కన కూర్చున్నాను.”

పేరమ్మ గోడ పట్టుకుని లేచింది. డబ్బా సంచి తీసి చంకన పెట్టుకుంది. చెప్పులు వెతుక్కుని, కుడిది ఎడమకాలికి వేసుకుని, మళ్ళీ సరిగ్గా వేసుకుంది.

“కూర్చో అక్కా, భోజనం చేసి వెళ్దువుగాని,” అంది గౌస్ బీ.

“లేదే. రెండింటి బండికి పోతా. స్టేషన్లో గాలి బాగుంటుంది.” గుమ్మం దగ్గర ఆగి నాగమల్లేశ్వరి వైపు తిరిగింది. “వాళ్ళొచ్చే వేళయింది. నువ్వు ఇంటికి పో మల్లీ. పిల్లాడి పెళ్ళి సంగతి.”

ఆవిడ చెప్పుల చప్పుడు వీధి మలుపు దాకా వినపడింది.

“తిట్టి ఉంటే బాగుండేది,” అంది నాగమల్లేశ్వరి.

“నీకు బాగుండేది,” అంది గౌస్ బీ. మిషను తొక్కడం మొదలుపెట్టింది. అందులో గుడ్డ లేదు.

*

నాగమల్లేశ్వరి గంగానమ్మపేటలో ఇల్లు చేరేసరికి వాళ్ళ కారు గుమ్మం ముందు ఆగి ఉంది.

హాల్లో ఆదిలక్ష్మి సోఫా అంచున కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి, గంజి పెట్టిన చీర, సూటిగా చూసే కళ్ళు. ఆమె భర్త వెంకటప్పయ్య బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. ఇల్లంతా తీరిగ్గా చూస్తున్నాడు. జ్యోతిలక్ష్మి కాఫీకి పాలు పెట్టడానికి లేవబోతే ఆదిలక్ష్మి ఆపింది.

“ఉండండి వదినగారూ. ముందు మాట్లాడుకుందాం.”

గంగాధర్ ఫ్యాను ఒక నంబరు పెంచాడు. మనోజ్ గోడవారన నిలబడి ఉన్నాడు.

“భావన ఆదివారం నుంచి సరిగ్గా తినడం లేదు,” అంది ఆదిలక్ష్మి. “నాతో మాట్లాడటం లేదు. పొరపాటు ఎవరికైనా జరుగుతుందమ్మా అంటుంది. జరుగుతుంది, నేను కాదనను. దేవుడి గది కడుక్కున్నాం, శుద్ధి చేసుకున్నాం, ఆ సంగతి అయిపోయింది. కాని నాకు నిద్రపట్టక, మీ ఇల్లు ఒకసారి చూసి వెళదామని వచ్చాను.”

“మంచి పని చేశారండి,” అన్నాడు గంగాధర్.

“ఆ డబ్బా పాపం ఎవరిదో. వాళ్ళకు చేరిందా?”

“ఎవరిదో తెలియదు కదండీ. పారేశాం,” అన్నాడు గంగాధర్ వెంటనే.

“పారేయలేదండి,” అంది నాగమల్లేశ్వరి. “ఇందాకే ఇచ్చి వచ్చాను.”

గంగాధర్ తల్లి వైపు చూశాడు. జ్యోతిలక్ష్మి కళ్ళు మూసుకుని తెరిచింది.

“ఎవరికిచ్చారు?” అని అడిగింది ఆదిలక్ష్మి.

“పేరమ్మకి. రేపల్లె. చేపలమ్మేది. ముప్పై ఏడేళ్ళ నుంచి నా స్నేహితురాలు. ఆదివారం నేను మీతో అబద్ధం చెప్పాను.”

“అమ్మా,” అన్నాడు గంగాధర్.

“ఉండరా.” నాగమల్లేశ్వరి కుర్చీలోంచి లేచింది. కూర్చుని చెప్పడం ఆవిడవల్ల కాలేదు. “వీడికి అప్పుడు పదేళ్ళు. బడి సెలవని నాతోపాటు డ్యూటీకి తీసుకెళ్తున్నాను. వేమూరులో మంచినీళ్ళు పట్టడానికి దిగాను. కుళాయి దగ్గర జనం. నేను సీసా మూత పెట్టేలోపల బండి కదిలింది. వీడు కిటికీలోంచి నన్ను చూస్తున్నాడు. నేను ప్లాట్‌ఫారం చివరిదాకా పరుగెత్తాను.”

వెంకటప్పయ్య ముందుకు వంగి వింటున్నాడు.

“తర్వాతి బండి మూడు గంటలకు వచ్చింది. ఆ మూడు గంటలూ నేను ఎలా ఉన్నానో ఇప్పుడు చెప్పలేను. రేపల్లెలో దిగేసరికి ప్లాట్‌ఫారం మీద ఖాళీ బుట్ట బోర్లించి, దానిమీద వీణ్ని కూర్చోబెట్టుకుని ఒకావిడ ఉంది. తెనాలిలో చేపలమ్ముకుని అదే బండిలో ఇంటికి పోతున్న మనిషి. ఇంట్లో మొగుడు జ్వరంతో పడి ఉన్నాడట. అయినా కదల్లేదు. పోలీసులకు అప్పజెప్పమని స్టేషన్లో అన్నారట. తల్లి వస్తుంది, వచ్చేదాకా పిల్లాణ్ణి ఎవరికీ ఇవ్వను అందట. నేనెవరో కూడా తెలియదు ఆవిడకి.”

ఆవిడ ఆగింది. కుర్చీ వెనక పట్టుకుని నిలబడింది.

“నాకు గుర్తుంది,” అన్నాడు గంగాధర్. నేలవైపు చూస్తూ అన్నాడు. “నా చొక్కాకు చేపల వాసన పట్టిందని ఏడ్చాను. ఆవిడ నన్ను కుళాయి దగ్గరకు తీసుకెళ్ళి చొక్కా ఉతికి ఆరేసింది. ఆరేదాకా తన తువ్వాలు కప్పింది.”

ఆ ముక్క నాగమల్లేశ్వరికి ఇన్నేళ్ళూ తెలియదు. కొడుకు వైపు తిరిగి చూసింది. అతను తల ఎత్తలేదు.

ఆదిలక్ష్మి చీర చెంగును వేళ్ళమీద మడతపెడుతూ కూర్చుంది.

“పిన్నిగారూ, ఒక మాట అడుగుతాను. ఏమీ అనుకోవద్దు,” అంది చివరికి. “అంత చేసిన మనిషిని, నలుగురి ముందు పరువు పోతుందని తెలియదన్నారు. రేపు మా అమ్మాయి ఈ ఇంట్లో ఏదో తప్పు చేస్తుంది. చేయకుండా ఉండదు, అది వంటే రాని పిల్ల. ఆరోజు నలుగురూ కూర్చుని ఉంటే, ఈ పిల్ల ఎవరో నాకు తెలియదంటారా?”

గంగాధర్ ఏదో చెప్పబోయాడు. జ్యోతిలక్ష్మి అతని మోచేతిమీద చెయ్యి వేసింది.

“అననని ఇప్పుడు చెప్పగలనండి,” అంది నాగమల్లేశ్వరి. “కాని ఆదివారం పొద్దున పేరమ్మ గురించి అడిగినా, ఎప్పటికీ అననని ఇలాగే చెప్పి ఉండేదాన్ని.”

వెంకటప్పయ్య మొదటిసారి నోరు తెరిచాడు. “నేను నిజాంపట్నంలో, చేపల రేవు దగ్గరే, నాలుగేళ్ళు పనిచేశానండి. మూత తీయగానే అదేంటో నాకు తెలిసింది. మంచి సరుకు.”

ఆదిలక్ష్మి భర్త వైపు చూసింది. ఆయన మళ్ళీ గోడమీది క్యాలెండరు చదవడంలో పడ్డాడు.

“ఆవిడ ఇప్పుడు ఎక్కడున్నారు?” అని అడిగింది ఆదిలక్ష్మి.

“స్టేషన్లో. రెండింటి బండికి వెళ్ళిపోతుంది.”

“నేను ఆవిణ్ణి చూడాలి. పిలిపిస్తారా?”

“నేను వెళ్తాను,” అన్నాడు గంగాధర్, లేచి.

“నువ్వు కాదు,” అంది నాగమల్లేశ్వరి. “ఆ మాట అన్నది నేను.”

మనోజ్ అప్పటికే బండి తాళం తీసుకున్నాడు.

దారిలో కాలవ వంతెన దగ్గర ట్రాఫిక్ ఆగింది. మనోజ్ తల వెనక్కి తిప్పాడు.

“నానమ్మా, ఇదంతా చెప్పినందుకు వాళ్ళు వద్దంటే?”

“నామీద కోపం పెట్టుకో. బతికినన్నాళ్ళూ పెట్టుకో.”

అతను ముందుకు తిరిగాడు. ముందున్న లారీ కదిలే వరకూ రెండు కాళ్ళూ నేలమీద ఆనించి నిలబడ్డాడు. ఆ పిల్లాడి వీపు బిగుసుకుని ఉండటం నాగమల్లేశ్వరికి అరచేతి కింద తెలుస్తోంది.

*

రేపల్లె బండి వచ్చి ఆగే ఉంది. పేరమ్మ ఇంకా ఎక్కలేదు. సిమెంటు బల్లమీద, స్తంభం నీడలో కూర్చుని ఉంది. మనోజ్‌ను బయటే ఉండమని నాగమల్లేశ్వరి వచ్చి పక్కన కూర్చుంది. ఆయాసం తగ్గడానికి కొంచెంసేపు పట్టింది.

“పోలేదా వాళ్ళు?” అంది పేరమ్మ.

“ఉన్నారు. చెప్పేశాను అక్కా. నువ్వెవరో చెప్పాను. వేమూరు సంగతి కూడా.”

“ఎందుకు చెప్పావు? సంబంధం చెడితే?”

“ఏమో. చెడుతుందేమో.”

“చెడగొట్టుకుని వచ్చి నాకు చెప్తున్నావా? ఇప్పుడు నాకు బరువు.”

“నిన్ను చూడాలంటోంది ఆవిడ. ఇంటికి రమ్మంది.”

పేరమ్మ మొదటిసారి ఆవిడ ముఖంలోకి చూసింది. “నన్నా? నన్ను చూడటానికేంటి? పెళ్ళిచూపులకు ఇప్పుడు నన్ను కూర్చోబెడతావా?”

ఇంకోరోజయితే ఇద్దరూ నవ్వేవాళ్ళు. ఇప్పుడు పేరమ్మ పెదవి ఒకవైపు కదిలి ఆగిపోయింది.

“వాళ్ళ ముందు తెలియదన్నావు. వాళ్ళ ముందు తెలుసన్నావు,” అంది. “రెండూ వాళ్ళ ముందే. పొద్దున గౌసు ఇంట్లో నేనడిగానే. అడగలేదన్నావు. అది మాత్రం ఎవరి కోసం?”

“అదొక్కటీ భయంతో. నువ్వు ఇలా చూస్తావని.”

“ఎలా చూస్తున్నాను?”

“ఇలాగే.”

పేరమ్మ ముఖం తిప్పుకుంది. పట్టాల అవతల ఎవరో తువ్వాలు తలకు చుట్టుకుని నడిచి వెళుతున్నారు. ఆ మనిషి కనుమరుగయ్యే దాకా అటే చూసింది.

“తప్పయింది అక్కా,” అంది నాగమల్లేశ్వరి.

పేరమ్మ బల్లమీది డబ్బా సంచి దగ్గరకు జరుపుకుంది.

ఫోన్ మోగింది. ఇంటి నంబరు. నాగమల్లేశ్వరి స్పీకరు నొక్కింది.

“పిన్నిగారూ, నేను ఆదిలక్ష్మినండి. ఆవిడ కనపడ్డారా?”

నాగమల్లేశ్వరి జవాబు చెప్పేలోపల పేరమ్మ చెయ్యి చాపి ఫోన్ తీసుకుంది. దాన్ని చెవి దగ్గర పెట్టుకోవాలో నోటి దగ్గర పెట్టుకోవాలో తెలియక, రెండు చేతులతో పళ్ళెంలా పట్టుకుంది.

“నేను పేరమ్మనమ్మా. ఆదివారం రైల్లో ఆవిడ పక్కన కూర్చున్న మనిషిని.”

అటునుంచి హాల్లో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వచ్చింది.

“మీ దేవుడి గదిలో ఇబ్బంది జరిగిందంట,” అంది పేరమ్మ. “కావాలని చేసింది కాదు. పిల్లల మీద పెట్టుకోవద్దు.”

“అది కాదండి,” అంది ఆదిలక్ష్మి. మాట కోసం వెతుక్కుంటున్నట్టు ఆగింది. “మీరొచ్చాక తాగుదామని కాఫీ కలపనివ్వలేదు. మా ఆయన రెండుసార్లు అడిగారు. నేనే ఆపాను.”

పేరమ్మ ఫోన్ వైపు చూసింది. నాగమల్లేశ్వరి వైపు చూసింది.

సిగ్నల్ పడింది. బండి కూత వేసింది. ఆలస్యంగా వచ్చినవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ ఎక్కుతున్నారు.

పేరమ్మ ఫోన్‌ను నాగమల్లేశ్వరి ఒళ్ళో పెట్టింది. బల్లమీద అరచెయ్యి ఆనించి, నడుం పట్టుకుని, నెమ్మదిగా లేచి నిలబడింది.

బండి ఎక్కడానికో, బయటికి నడవడానికో నాగమల్లేశ్వరికి అర్థం కాలేదు. తను కూడా లేచి, ఎప్పటిలాగే ఆవిడ పక్కన నిలబడింది.